గోడ మీది లెక్క

మిర్యాలగూడ రైస్ మిల్లుల మాకొక గోడుండేది.
ఎడమ దిక్కు లారీలు, బస్తాలు.
కుడి దిక్కు మేము.
గుమస్తా ఒక్క సుద్దముక్కతోనే
రెండు లెక్కలూ రాసెటోడు.

వడ్లు ఆరబోసినన్ని దినాలు ఆట బందు.
కుప్పలు లేసినంక ఊక ఊడ్చి
ముగ్గుపిండితోని కోర్టు గీసుకునేటోళ్లం.
జీతం ఆరువేలు, నెలకు పాతిక కిలోల బియ్యం,
అండ్ల సగం నూకలే.

ఖమ్మం మీద మూడు సున్నా.
కర్నూలు కాడ ఓడినం, సైదమ్మ వేలిరిగింది.
వరంగల్ల ఫైనలు, ఐదో సెట్టు,
పదమూడు పదిహేను.
ఆ అంకెలు తుడవనియ్యలే ఇన్నారెడ్డి సారు.
రెండు వానలకు వాటంతటవే పోయినయి.

నేను లిబెరోను.
అందరిదొక రంగు అంగీ, నాదొక రంగు.
ఎగిరి కొట్టే హక్కు లేదు,
నేలకు తాకకముందే లేపుడే నా పని.
గోడ మీద నా పేరున ఒక్క పాయింటు లేదు.
మోచేతుల మీద మాత్రం
సిమెంటు రాసిన లెక్క ఇంకా ఉన్నది.

ద్వాలిని రైల్వేసోళ్లు తీసుకున్నరు.
షాహీన్ బడిల ఆటల టీచరు.
మిల్లు చేతులు మారింది,
గోడకు సున్నమేసిండ్రు.

మొన్న కోళ్లకు నూకలు తెద్దామని పోయిన.
లారీ మీద హమాలీ చేతిలకెళ్లి బస్తా జారింది.
రెండు చేతులు జోడిచ్చి
కిందికే ఉరికిన.
జానెడు దూరంల దబ్బున పడ్డది.

"భూమ్మీద నూకలు చెల్లినయా అక్కా?"
తిట్టిండు.

ఏం చెప్త.
బంతేదో బస్తాదేదో
ఈ మోకాళ్లకింకా తెల్వది.