ఎవరి మంద

సదర్లాండ్‌లో చలి కబురు పెట్టి రాదు.
అర్ధరాత్రి గోపురం తెరుచుకునేసరికి
బూట్లలోని కాళ్ళు నావి కాకుండా పోతాయి.
తెర మీద మాత్రం ఒక నక్షత్రం
తన వెలుగును గుడ్డలా పరుస్తుంది,
ఊదా కొస నుంచి ఎరుపు కొస దాకా.
ఆ గుడ్డకి చిల్లులు.

కొన్ని చిల్లులు చుక్క సొంతం.
హీలియం, హైడ్రోజన్... కళ్ళు మూసుకున్నా పోల్చుకుంటాను.
ఇది జంట చుక్క.
ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే
ఆ గీతలు ఈ రాత్రి ఇటు, ఎల్లుండి అటు జరుగుతాయి.
జరగనివి కొన్ని ఉన్నాయి,
ఇల్లంతా ఊగుతున్నా
గోడకానుకుని నిలబడ్డ పరాయి మనిషిలా.

అవి చుక్కవి కావు.
చుక్కకీ నాకూ మధ్య
ఎవరూ లేరనుకున్న చీకట్లో ఎవరో ఉన్నారు.
దాటొచ్చిన వెలుగు
తలా ఒక తునక వాళ్ళకి ఇచ్చుకుని వచ్చింది.

గిడియన్ మామ వింటే నవ్వేవాడు.
నలభై ఏళ్ళు ఇదే కరూ మైదానంలో
ఇంకొకరి గొర్రెలు కాశాడు.
గొర్రెకి పేరుండదు, చెవికోత ఉంటుంది.
ఎడమ చెవి కొస చీలిస్తే ఒక ఫారం,
కుడి చెవి అడుగున నెలవంకైతే ఇంకో ఫారం.
"ఉన్న చెవిని కాదు పిల్లా, లేని ముక్కను చూడు.
యజమాని అక్కడుంటాడు."

ఒక కరువేడు కంచె దాటి ఒక గొర్రె వచ్చింది.
రెండు చెవులకీ మెట్లు మెట్లుగా కోత.
సిగరెట్ పెట్టె అట్ట మీద ఆ చెవులు గీసుకుని
మామ ఫారం ఫారం తిరిగాడు.
గుమ్మం గుమ్మంలో తలలు అడ్డంగా ఊగాయి.
కాదన్న ప్రతి పేరూ పెన్సిలు ముక్కతో కొట్టేసి
ఆ కాగితాన్ని బైబిల్లో దాచాడు,
అదీ ఒక ఆస్తి అయినట్టు.

నా కాగితం బాసెల్ నుంచి వస్తుంది.
అక్కడ రెగూలా అని ఒకావిడ
అణువుల్ని గుప్పెడేసి పట్టి
ఊపిరి గడ్డకట్టే చలిలో నిలబెట్టి
లేజర్‌తో నిలదీస్తుంది: ఈ కోత నీదేనా?
పోయిన వారం ఒక కర్బన గొలుసు.
వెడల్పు కలిసింది. వాలు కలిసింది.
చోటు రెండు ఆంగ్‌స్ట్రాములు తప్పింది,
వెంట్రుక మందంలో లక్షో వంతు కూడా కాని తేడా.
ఉత్తరం మొత్తం రెండు మాటలు: ఇది కాదు.

ఐదొందల పైచిలుకు కోతలు, వందేళ్ళ వాకబు.
గట్టిగా ఒప్పుకున్నది ఒక్కటే,
అరవై కర్బనాలు కుట్టిన బంతి,
అదీ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నది.
మిగిలినవాటికి కనబడిన చోటే పేరు:
ఐదువేల ఏడొందల ఎనభై.
ఆరువేల ఆరొందల పధ్నాలుగు.

అలాంటి పేర్లు నాకు కొత్త కాదు.
మా ఇంటిపేరు ఫెబ్రువారీ.
ఓడ దిగిన మా మొదటి అవ్వను
కన్నతల్లి ఏమని పిలిచిందో
కేప్ టౌన్ బానిసల ఖాతాలో లేదు.
దిగిన నెల ఉంది.
ఆ నెలనే మోస్తున్నాం,
జీతం చీటీల మీద, సమాధి రాళ్ళ మీద.

ఆ గొర్రె కోసం ఎవరూ రాలేదు.
వానలు పడ్డాక ఈనింది.
దొర కత్తి ఇచ్చాడు, మన గుర్తు వెయ్యమని.
పిల్ల చెవులు అరచేతుల్లో పట్టుకుని
మామ చాలాసేపు కూర్చున్నాడు.
కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఆ నెల కోత జీతంలో పడింది.

నాలుగున్నర.
తూర్పు పలచబడుతోంది, ఫ్లాస్కులో రూయిబోస్ చల్లారింది.
ఆరువేల ఆరొందల పధ్నాలుగు ఎదుట
రెగూలా గొలుసు పేరు రాసి, కొట్టేశాను.
కొట్టేసిన గీత
సన్నగా, నల్లగా,
కదలకుండా ఉంది.