ముప్పావు తులం

పరకాల అవుసలోళ్ల గల్లీలో
కట్టోజు భద్రమ్మ చెక్కపెట్టె తెరిచింది.
గురిగింజలు, ఇత్తడి తూనికలు,
వాటి నడుమ నల్లబడ్డ రాగి బిళ్ళ ఒకటి.

కాజీపేట షెడ్డులో ముప్పై రెండేండ్లు
ఇంజన్ల కింద పండుకొని నట్లు బిగించినవాణ్ణి.
చేతుల నూనె వదిలింది గాని
చూపుకు పట్టిన లోహం వదలలేదు.
ఆదివారమైతే చాలు
హాలీ సిక్కాలు, దమ్మిడీలు, బొక్క పైసలు
ఎవరి అటుక మీదున్నా వెతుక్కుంటూ పోత.

భూతద్దం పెట్టిన.
గుర్రం తల. కింద నాగలి.
అరిగిన అంకెలు: పదిహేడు వందల ఎనభై ఏడు.
"గుర్రంతోని ఎవడన్న దున్నుతడా సారూ?"
భద్రమ్మ నవ్వింది.

పుస్తకంలో చూసిన బొమ్మే.
సముద్రాల అవతలి న్యూజెర్సీ.
రాజుతో తెగదెంపులు చేసుకున్న కొత్తలో
పైస మీద ఎవరి ముఖం వెయ్యాలో తోచక
నాగలి వేసుకున్నరు.
చేత్తో చెక్కిన అచ్చులు గనుక
ఒక్కో గుర్రానికి ఒక్కో తీరు చెవి.
ఈ చెవి వెనక్కి వాలింది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

ఏ ఓడ ఎక్కిందో, ఎవరి రొండిన దిగిందో
నాకు తెలువదు.
అంచు చుట్టూ ఆకురాయి గీతలు మాత్రం తెలుస్తున్నయి.
భద్రమ్మ మామకు తాత ఎవరో
దేశం అడగలేదు, రాజ్యం అడగలేదు,
బరువు ఎక్కువుందని
రాకి రాకి ముప్పావు తులానికి దించిండు.

"ఎంతకిస్తవమ్మా?"

"పైసలేం జేసుకోను?
బంగారమంటే కంప్యూటర్ కాంటాకు పోయింది.
కామెర్ల పొడి ఇంకా నా తాసు మీదనే ఉన్నది.
దీనికి సరి తూగేది తెచ్చియ్యి, తీస్కపో."

నా నాణేలకు చింతపండు తగలనియ్యను.
మనుమరాలు ఒకదాన్ని బూడిదతో మెరిపిస్తే
రెండు దినాలు మాట్లాడలేదు.
అసొంటి నేను
జోడు డబ్బు బిళ్ళల్లో ఒకదాన్ని
గుడ్డ చుట్టి వైసులో బిగించి
ఫార్సీ అక్షరం లేని వైపు వెతికి
అర్ధరాత్రి దాకా రాకిన.
అక్షరం లేని వైపు కొంచెమే ఉంది.
తర్వాత అక్షరమూ పోయింది.
ఎంత కడిగినా వేళ్లకు రాగి వాసన.
పొద్దున చాయ్ కూడా అదే రుచి.

వారానికి మళ్ల పోయిన.
పళ్లెంలో వేసి చూసింది.
"ఇంక ఇసుమంత దిగాలె"
అని గడపరాయికి తనే రెండు రుద్దులు రుద్దింది.
ముల్లు నిలబడ్డది.
నేనిచ్చింది ఏ కాలందో ఆమె అడగనే లేదు.
బయట ఎవరో పిలగాన్ని ఎత్తుకొని నిలబడ్డరు,
కండ్లు పసుపు పచ్చగ.

బస్సులో నోటుబుక్కు తీసిన.
స్థితి: అరిగింది, రాకింది.
ధర: ఒక డబ్బు.
ఇంకేదో రాద్దామని పెన్ను ఆనిస్తే
ఆత్మకూరు దగ్గర బస్సు గుంతలో పడి
గడి దాటి
ఒక గీత పోయింది.