మూడో గుట్ట దగ్గర

కాశీంపీరా సారు మాకు సరళీస్వరాలు
పుస్తకంలో చూపలేదు.
బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల వెనక
చెత్తరాళ్ళ దిబ్బ ఎక్కించి
"సూపుడేలు ఎత్తు మే సుంకూ,
ఎర్రమల మింద పెట్టు.
ఇప్పుడు ఏలు యాడికి పోతే గొంతు ఆడికి పోవాల" అనేవాడు.

మొదటి గుట్ట నిదానం, పండుకున్న ఎనుము వీపు.
రెండోది ఉన్నట్టుండి లేస్తుంది,
అక్కడ పైషడ్జం అందక నేను దగ్గేదాన్ని.
మూడోది పొడుగు. పొడుగంటే పొడుగు.
ఒక్క ఊపిరిలో దాటినవాళ్ళకి
ఆయన జేబులోంచి బొరుగుముద్ద.

పగలు ఆయన రంపం మిషన్ దగ్గర కూలి.
నాపరాయి తెగేటప్పటి కూతను కూడా
"రెండున్నర శృతి, రవ్వంత దిగి ఉండాది" అని
తిట్టుకుంటా కోసేవాడు.
సాయంత్రం మొహం కడిగినా కనురెప్పల మీద తెల్లదుమ్ము.
పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయన సన్నాయి లేకుండా
ఆ చుట్టుపక్కల మూడుముళ్ళు పడేవి కావు.
ఆ సన్నాయిని ఆడపిల్ల నోటికిచ్చిన రోజు
ఊరు రెండు రోజులు మాట్లాడుకుంది.
ఆయన మూడో రోజు కూడా ఇచ్చాడు.

ఇప్పుడు నా ముందు నలభై రెండు మంది.
చెన్నైలో అద్దె హాలు, గంటకింత అని.
మొదటి గుట్టను చెల్లోలకిచ్చాను,
రెండోదాని లేపు బూరలకు.
మూడోదాని కొలత కోసం పోయిన ఎండాకాలం ఊరికెళ్ళి
దిబ్బెక్కి వేలు ఎత్తాను.

వేలు సగంలో జారి కింద పడింది.

గుట్ట లేదు.
ఆకాశం, ఒక ప్రొక్లెయిన్,
నీళ్ళు నిలిచిన చదరపు గుంత.
ఎవరి వరండాల్లోనో పరుచుకుని ఉంటుంది,
దాని మీద ఎవరో ముగ్గు వేస్తూ ఉంటారు.

ఉన్నది ఉన్నట్టే రాశాను:
పదకొండు గడులు ఖాళీ.
ఓబో వాయించే డేవిడ్ రత్నం
కాగితం అటూ ఇటూ తిప్పి
"ప్రింటు పడలేదేమో మేడమ్" అన్నాడు.

రాత్రి ఫోన్లో వినిపించాను.
సారు మంచంలోనే. మాటకీ మాటకీ నడుమ
రొమ్ములో కంకర కదిలిన చప్పుడు.
ఓబో విని నవ్వాడు,
"మన సన్నాయికి సదువుకున్న తమ్ముడు."
ఖాళీ వచ్చింది. ఖాళీ అయిపోయింది.
"ఇదేంది?"
"గుట్ట లేదు గదా సార్."
చాలాసేపు ఆయన ఊపిరే వినబడింది.
"గుట్ట పోతే గాలి పోతాదా మే?
ఆడనే తిరుక్కుంటా ఉంటాది,
తగలనీకి ఏం దొరక్క.
అది రాయి."

పొద్దున గాలివాద్యాల వాళ్ళందరికీ చెప్పాను:
పదకొండు గడులూ స్వరం వద్దు.
ఒట్టి ఊపిరి ఊదండి.
ఎంత గట్టిగా, అన్నాడు డేవిడ్.
రాయి కోసేవాడి ఊపిరంత అనబోయి
ఊరుకుని,
చూపుడువేలు ఎత్తాను.