బ్రేకేజీ రిజిస్టరు

ఆదివారం పొద్దున ఆరింటికి
శంకర్ విలాస్ దగ్గర కలవమన్నారు.
పద్నాలుగు మందిమి. టోపీలు, నీళ్ల సీసాలు,
హైదరాబాదు నుంచి వచ్చిన జంట మెడలో కెమెరా.
ఊరు చూపించే పెద్దమనిషి యేసుపాదం గారు.
ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు.
చంకలో అట్ట ఊడిన పొడుగు రిజిస్టరు,
చెవి వెనక పెన్సిలు.

"హాజరు" అన్నాడు. మేం నవ్వాం.
ఆయన నవ్వలేదు, లెక్కపెట్టుకున్నాడు.

బ్రాడీపేటలో వీధులకి పేర్లుండవు, అంకెలుంటాయి.
నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు,
గళ్ల పుస్తకంలో ఎవరో లెక్క మొదలెట్టి
జవాబు రాయకుండా లేచిపోయినట్టు.
"ఈ మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూటు.
సాయంత్రం ఐదయితే వీధంతా వడగళ్లు.
ఇప్పుడు వినండి."
విన్నాం. ఏమీ లేదు.
కోచింగ్ సెంటరు బోర్డు మీద ర్యాంకుల పిల్లలు
పాస్‌పోర్టు సైజులో మమ్మల్నే చూస్తున్నారు.

కెమెరా అతను అడిగాడు,
"ఇది ఏ సంవత్సరంలో కట్టారండీ?"
"కట్టింది నాకు తెలీదు బాబూ.
ఎప్పుడు ఏది పగిలిందో అడుగు, చెప్తాను."

పట్టాలు దాటి అరండల్‌పేట.
ఒక షట్టరు ముందు ఆగి, చెప్పులు విప్పబోయి, మానుకున్నాడు.
"సుబ్బరత్తమ్మ గారి మెస్సు.
నెలల తరబడి బాకీ పడ్డా ఒక్కణ్ణీ అడగలేదు.
పింగాణీ ప్లేటు పగిలిందా, ఏడ్చేది."

జిన్నా టవరు ఆరు స్తంభాల కింద నిలబెట్టాడు.
"దీని చరిత్ర మీ ఫోన్లలో ఉంటుంది.
నేను చూసిందేమిటంటే,
ఫీజు కట్టే ఆఖరి రోజు ఈ నీడలో కుర్రాళ్లు కూర్చుని
డబ్బులు మూడోసారి లెక్కపెట్టేవాళ్లు.
మూడోసారికి పెరుగుతాయా?
అయినా లెక్కపెట్టేవాళ్లు."

అంతలో మిరప టిక్కీల లారీ మలుపు తిరిగింది.
ఒకరి తర్వాత ఒకరం తుమ్మాం, కెమెరాతో సహా.
పెన్సిలు తీసి వేలితో చూపిస్తూ,
"పదమూడు... పద్నాలుగు. సరే, అందరూ ఉన్నారు."

కాలేజీ ముందు గేటుకి తాళం.
ఆయన అటు చూడనైనా చూడలేదు,
గోడ వెంట నడిచి వెనక కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.
మసి పట్టిన అద్దం, లోపల ఖాళీ రాక్‌లు.
"మీరు ఏ బ్యాచ్ అండీ?" ఎవరో అడిగారు.
"నేనా? ఐదో తరగతి.
అయినా ప్రాక్టికల్స్ రోజు
నేను ముక్కు గోక్కుంటే అమ్మోనియం అని
జిల్లా మొత్తానికి తెలుసు."

రిజిస్టరు తెరిచాడు. పురుగు తిన్న అంచులు.
తేదీ, వస్తువు, పేరు, వసూలు.
బీకరు, కోటిరెడ్డి, పన్నెండు రూపాయలు.
పిపెట్టు, విమలాదేవి, ఎనిమిది.
"బ్యూరెట్టు ఒకటి. పాత పగులు. వసూలు లేదు."
అక్కడ కాస్త ఆగి పేజీ తిప్పాడు.

నేను అందరి వెనక ఉన్నాను.
పాత పగులు కాదు. పొద్దున్నే విప్పిన కొత్త డబ్బా.
మా నాన్న పరుపులు కుట్టేవాడు, దూది ఏకి.
ఆ గాజు గొట్టం మూడు పరుపుల ఖరీదు.
ఇరవై ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

నడక రుసుము రెండు వందలు.
ఐదు వందల నోటిచ్చి చిల్లర వద్దన్నాను.
మూడు వందలూ నా చేతిలో పెట్టాడు,
"లెక్కలో లేని డబ్బు నేను ముట్టనమ్మా."
మిగతావాళ్లు టిఫిను కోసం కదిలారు.
నేను కదల్లేదు.

రిజిస్టరు మూసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని,
"మస్తాన్‌బీ" అన్నాడు మెల్లిగా,
"ఆ రోజు చెయ్యి తెగింది గదా.
దాచేసి వెళ్లిపోయావు.
మానిందా?"

నోట్లు పట్టుకున్న గుప్పిట
విప్పి చూపించాను.