బహువచనం

సావో పావ్లోలో, బోం హెచీరో పేటలో
అమ్మ గుడ్డలు కత్తిరించే బల్ల కింద కూచుని
మాటలు నేర్చుకున్నాను.
పైనుంచి ముక్కలు రాలేవి:
పూల చీటిగుడ్డ, నీలం జార్జెట్,
వాటితోపాటు తెగిన వాక్యాలు.

మొదటి తరగతిలో రాశాను, "మా అమ్మ దర్జీ."
సెలెస్తె టీచరు ఎర్రసిరాతో కొట్టేసింది.
"నీకు తోబుట్టువులు లేరుగా, మరింకెవరికి అమ్మ?
'నా అమ్మ' అని రాయి."
ఇంటికొచ్చి అన్నాను, నా అమ్మా, అని.
సోయా పులుసులో గరిటె ఆగింది.
"ఎప్పట్నుంచే, నేను నీ ఒక్కదాని సొత్తయింది?"
నవ్వుతూనే అంది.
గరిటె మాత్రం కాసేపు కదల్లేదు.

ఎనిమిదేళ్లకి పన్నుల ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టారు.
ఆయన: "పదేళ్లయింది, ఈవిడకి నోట్లో నాలుక లేదా?"
అమ్మతో నేను: "కాగితం ఒకటి తక్కువైందట."
అమ్మ: "ఆ కాగితం వాడి మొహాన కొట్టు."
ఆయనతో నేను: "శుక్రవారం తెస్తుందట, సార్."
ఇద్దరూ తలలూపారు.
నా రెండు అబద్ధాల మీద ఆ ఏడంతా కొట్టు నడిచింది.

వీధిలో "ఓ జపాన్ పిల్లా" అనేవాళ్లు.
కాదని చెప్పీ చెప్పీ విసిగి
పలకడం మొదలుపెట్టాను.

ఇరవై మూడేళ్లప్పుడు సోల్ వెళ్లాను.
టాక్సీ అతను అద్దంలోంచి చూశాడు.
"అచ్చం మా నాయనమ్మలా మాట్లాడుతున్నావమ్మా,
ఆ మాటలు ఇక్కడిప్పుడు ఎవరూ వాడరు."
అమ్మ విమానమెక్కిన ఏడాది దగ్గరే
నా భాష ఆగిపోయి ఉంది.
గడియారమైతే కీ ఇచ్చుకునేదాన్ని.
"ఇంతకీ ఏ ఊరు?"
"మాది..." అన్నాను.
మీటరు తిరుగుతోంది.

అమ్మకిప్పుడు డెబ్బై ఒకటి.
గుండీలు కొరియన్‌లో లెక్కపెడుతుంది, డబ్బు పోర్చుగీసులో.
మధ్యలో ఎవరైనా పలకరిస్తే
తిట్టుకుని మళ్లీ ఒకటి నుంచి.

నిన్న షట్టరు కింద నుంచి ఎవరో కరపత్రం తోసి వెళ్లారు.
"మన పేటని మనమే కాపాడుకుందాం."
చదివి వినిపించాను.
అమ్మ కళ్లజోడు పైకి నెట్టింది.
"హ్యేరాన్, ఈ మనంలో
మనం ఉన్నామా?"

జవాబు కోసం ఆగలేదు.
కాగితం తిరగేసి, ఖాళీ వైపు
నా కూతురి గౌను చేతి కొలత
సుద్దతో గీసుకుంది.