దుంప భుజం దగ్గరి రంగు

మూడోసారి వచ్చింది బొలెట్.
బయట మంచు వాన. బూట్లు దులుపుకుని
రంగుల కార్డులు మళ్లీ బల్లమీద పరిచింది,
ఓడిపోయే ఆటలో పేకముక్కల్లా.

నార్సాక్‌లో ఇంకెవరైనా అయితే
పావుగంటలో డబ్బా మోసుకుపోతారు.
ఈమె నీలం తీసి పక్కన పెట్టింది:
"ఇది చేపల ఫ్యాక్టరీ. మా ఆయన చొక్కా
ఎన్ని నీళ్లలో జాడించినా వాసన పోలేదు."
ఎరుపు: "కొట్టు మేనేజరు ఇల్లు.
చిన్నప్పుడు ఆ గడపలో అప్పుకోసం నిలబడ్డాను."
ఆకుపచ్చ: "వైర్‌లెస్ స్టేషను. అన్నీ చెడ్డ కబుర్లే."
పసుపును ముట్టుకోనే లేదు.
ముప్పై ఒక్కేళ్లు పసుపు ఆసుపత్రిలో
రాత్రి డ్యూటీ నర్సు.
పురుళ్లు పోసింది, పోయినవాళ్ల కళ్లు మూసింది.
నేను పుట్టినప్పుడు తలకిందులుగా పట్టుకున్నవీ
ఈ చేతులేనని మా అమ్మ చెబుతుంది.

పూర్వం ఇక్కడ ఇళ్లకు రంగు వేసింది
లోపలున్న మనిషికోసం కాదు,
పడవలోంచి చూసేవాడికోసం.
ఎవరు ఎక్కడ దొరుకుతారో తెలియాలి గనుక.

"తెలుపు?" అన్నాను.
"అది బయట బోలెడుంది."

కంపెనీ పంపిన చిన్న పుస్తకం ఉంది నా దగ్గర:
మీ స్వభావానికి తగిన రంగు, పది ప్రశ్నల్లో.
మీరు ఉదయం మనిషా, సాయంత్రం మనిషా?
చదివి వినిపించాను.
"రాత్రి మనిషిని," అంది.
ఆ గడి అందులో లేదు.

నాలుగోసారి
కోటు జేబులోంచి టర్నిప్ దుంప తీసింది.
ఇగాలికు నుంచి అక్క కూతురు పంపిందట,
వేళ్లకింకా మట్టి.
"ఇక్కడ," అంది, గోటితో గీసి,
"భుజం దగ్గర. ఊదా అయిపోయి
తెలుపు ఇంకా మొదలవని చోట."

రంగు చూసే యంత్రానికి గుండ్రం తెలియదు.
తొక్క ఒలిచి గాజుకింద పెట్టాను.
బూడిద, అంది.
ఇంకో ముక్క పెట్టాను. గులాబీ, అంది.
దాన్ని ఆపేసి
చేత్తోనే కలిపాను, చుక్కకో చూపు.
మధ్యలో బొలెట్ దుంప కోసి
చెరో చెక్క పెట్టింది.
కాస్త ఘాటు, వెనకే తీపి.

ఆగస్టులో మనవరాలు బళ్లో చేరిన రోజు
కాఫీమిక్‌కి పిలిచింది.
ఊరు ఊరంతా వంతులవారీగా వచ్చి
కేకు తిని పోతోంది.
ఒక్క గోడే వేసింది, కిటికీకి ఎదురుగా ఉన్నది.
మిగతావి పాత మీగడ రంగే.
ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంది
సముద్రం చూస్తూ.
"మరి మీకు కనబడదుగా?" అన్నాను.
"కనబడక్కర్లేదు,"
ఇంకో ముక్క నా పళ్లెంలోకి తోసింది.

మళ్లీ కావాలంటే ఉండాలని
రిజిస్టర్‌లో రాయడానికి
ఆ రంగుకు పేరడిగాను.
"పేరెందుకు," అంది. "దుంప తెస్తాను."