అమ్మకానికి లేదు

మాకు ఎత్తంటే ఏటిగట్టే.
ఆపైన కొబ్బరిచెట్టు మొవ్వు,
ఇంకా పైనంటే గద్ద.
స్టేషన్లో పసుపు బోర్డు అడుగున
సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసుంటుంది,
చదవడానికి ఊపిరి తీసుకోనక్కర్లేదు.

అలాంటి బుర్రిలంకకి
తాతబ్బాయి గారు అగ్గిపెట్టెలో ఓ కొండని తెచ్చారు.
క్రోటన్ల లోడుతో పోయిన లారీ
మంచు దారిలో నాలుగు రోజులు ఆగిపోతే,
మబ్బుకి పైన తోటొకటుందంటే ఎక్కారట.
"చెట్టన్నదే లేదు నూకరత్నం,
అన్నీ రాళ్ళ సందుల్లో ముడుచుకుని,
తడిసిన కుక్కపిల్లల్లాగా.
ప్రతిదాని పక్కనా రేకుముక్క,
పేరూ, అది పుట్టిన ఎత్తూ."
తోటమాలి ఇచ్చిన గింజలు
పొగాకు నలుసుల్లా ఉన్నాయి.

మూతపడ్డ రొయ్యల ఐసుగది అద్దెకి తీసి
అంట్లు కట్టే నన్ను దానికి కాపలా పెట్టారు.
నా చేతిమీద బతికినవాటికి లెక్కలేదు:
సపోటా, మామిడి, పేరు పలకలేని గులాబీ.
ఒండ్రు జల్లించి వెన్నలా పరిచాను.
మొదటి మడి తిండి ఎక్కువై చచ్చిపోయింది.
రెండో మడికి పేడ తగ్గించాను, నీళ్ళు తగ్గించాను.
అదీ పోయింది.
బుద్ధెరిగాక మొదటిసారి
నా చేతుల్ని అనుమానంగా చూసుకున్నాను.

అప్పుడాయన "రాయి కావాలి" అన్నారు.
రాయా? ఈ నేలలో?
మామిడికాయ కొట్టాలన్నా
మా పిల్లలు మట్టిగడ్డే విసురుతారు.
రాత్రిపూట రైలుపట్టాల పక్కన
చీరచెంగులో కంకర ఏరుకొచ్చాను,
గేటు లైటు మీద పడితే వంగుతూ, దొంగలా.
సుత్తితో నలగ్గొట్టి, కడిగి,
ఆఖరి ఏడు గింజలూ చల్లాను.

ఒక్కటి మొలిచింది.
చింతగింజంత. ఆర్నెల్లకీ చింతగింజంతే.
మా చిన్నాడు చూసి "పాచి" అన్నాడు.
నేను దానికీ ఓ రేకుముక్క గుచ్చి
ఎత్తు దగ్గర మా స్టేషన్ బోర్డు అంకె వేయించాను.

కరెంటు పోయినప్పుడల్లా
ఊకలో చుట్టిన ఐసుదిమ్మ రిక్షాలో తెచ్చాను.
తుఫాను నాడైతే మూడు రాత్రులు
గది తలుపుకి వీపు ఆన్చి కూర్చున్నాను,
అరటితోట మొత్తం పడుకుంటున్న చప్పుడు వింటూ.
లోపలిదానికి ఆ బాధ లేదు.
పడుకునే పుట్టింది.

వైశాఖంలో పూసింది.
మేకుతలంత పువ్వు.
గ్యాసుమంట అడుగున ఉంటుందే, ఆ నీలం.
చూసినవాళ్ళం నలుగురం:
ఆయన, నేను, మా చిన్నాడు,
మీటరు చూడ్డానికొచ్చిన కరెంటాయన.
బిల్లు రాస్తూ రాస్తూ ఆగి
"దీనికి వాసనుందా?" అన్నాడాయన.
వంగి చూశాం. తెలీలేదు.
చలికి ముక్కులు మొద్దుబారిపోయాయి.

లెక్కల పుస్తకంలో బొండుమల్లి కట్టల కింద
తాతబ్బాయి గారు రాసుకున్నారు:
కొండమొక్క, ఒకటి, అమ్మకానికి లేదు.

నేను బయటికొచ్చాను.
రోళ్ళు పగిలే ఎండ.
తెల్లబడ్డ వేళ్ళు షెడ్డు రేకుకి ఆన్చి
"చలేస్తందర్రా" అన్నాను.
కుండీలు మోస్తున్నవాళ్ళంతా
పని ఆపి నన్నే చూశారు.